దోటి కొస, తుపాకి కొస

చింతకాయలు రాల్చడానికి దోటి ఎత్తిన ప్రతి పిల్లకూ ఒంటికి తెలిసిన సంగతి ఒకటుంది. దోటిని మధ్యలో పట్టుకుంటే అది వెదురుకర్ర. అదే దోటిని చివర పట్టుకుని కొక్కేన్ని కొమ్మదాకా చాపితే ఇనుప కడ్డీ. త్రాసులో వేస్తే రెండుసార్లూ ఒకే బరువు తూగుతుంది. మణికట్టు మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

ఆ మణికట్టు మాటే తుపాకి గొట్టం శాస్త్రమంతా. నంద్యాల జిల్లా ప్యాపిలిలోనైనా, పక్కనున్న డోన్‌లోనైనా చదువుకునే ఒక సన్నపాటి అమ్మాయి ఎన్‌సీసీలో చేరిందనుకోండి. బరువు నలభై, నలభై అయిదు కిలోలు ఉంటుంది. మొదటిసారి రైఫిల్ చేతికిస్తారు. పడుకుని కాల్చేటప్పుడు ఎలాగో నెట్టుకొస్తుంది. లేచి నిలబడి గురి పెట్టమంటే రెండు నిమిషాల్లో ముందు కొస నేలచూపులు చూస్తుంది. చూసినవాళ్లు "చేతుల్లో బలం లేదు, ఇంకా తినాలి" అంటారు. మంచి భోజనం ఎప్పుడూ మంచిదే గానీ, ఇక్కడ లోపం తిండిది కాకపోవచ్చు. బరువున్న చోటు సరిగా లేకపోవచ్చు.

ఒకే తూటా, రెండు తుపాకులు

ఎన్‌సీసీ 1948లో మొదలైంది. మరుసటి ఏడాదే, 1949లో, బాలికల విభాగం వచ్చింది. ఆయుధ శిక్షణలో క్యాడెట్లు వల్లెవేసే కొలతల్లో రెండు .22 రైఫిళ్లు కనిపిస్తాయి. ఒకటి ఇంగ్లండు నమూనా, నంబర్ 2 మార్క్ 4. పొడవు 45 అంగుళాలు, బరువు ఎనిమిదిన్నర పౌన్లు దాటుతుంది, అంటే దాదాపు 3.9 కిలోలు. రెండోది మన దేశపు డీలక్స్. పొడవు 43 అంగుళాలు, బరువు 6 పౌన్ల 2 ఔన్సులు, అంటే 2.8 కిలోలకు కాస్త తక్కువ.

రెండింటిలోనూ పేలేది ఒకే చిన్న .22 తూటా. మరి ఒకటి కిలోకు పైగా ఎందుకు ఎక్కువ తూగుతుంది? పుట్టుక వేరు గనుక. మార్క్ 4 అన్నది పాత .303 లీ-ఎన్‌ఫీల్డ్ సైనిక తుపాకి ఒంట్లోనే .22 గొట్టం పెట్టి శిక్షణకు మలచినది. పెద్ద తూటా పేలుడును తట్టుకోవడానికీ, పెద్ద మనిషి భుజానికీ కట్టిన ఒళ్లు అది. డీలక్స్ మొదటినుంచీ చిన్న తూటా కోసమే పుట్టింది. నాన్న చొక్కా చేతులు మడిచి తొడుక్కోవడానికీ, తన కొలతకు కుట్టించుకోవడానికీ ఉన్నంత తేడా.

అయితే తేలికది ఎంచుకుంటే కథ ముగిసినట్టేనా? ముగియదు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఒక్క మిల్లీమీటరు ఖరీదు

తుపాకి కొస కొంచెం ఊగితే ఏమవుతుందో ముందు చూద్దాం. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో లక్ష్యం నడుమనున్న పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అక్కడినుంచి ఒక్కో వలయానికి 2.5 మిల్లీమీటర్లు జరిగినకొద్దీ ఒక్కో పాయింటు పోతుంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ ఈ పోటీలో 701.1 పాయింట్లతో కాంస్యం గెలిచాడు. రజతం అందుకున్న ఇటలీ షూటర్ స్కోరు 701.5. మధ్యనున్నది 0.4 పాయింటు. లక్ష్యం మీద కొలిస్తే అది ఒక్క మిల్లీమీటరు దూరం.

పది మీటర్ల అవతల ఒక మిల్లీమీటరు తప్పడానికి ఇవతల ఎంత తప్పాలి? ముందు సైట్‌కూ వెనక సైట్‌కూ మధ్య 80 సెంటీమీటర్లు ఉన్నాయనుకుంటే, లెక్క 0.08 మిల్లీమీటర్లని చెబుతుంది. ఇంచుమించు తలవెంట్రుక మందం. అరవై డెబ్బై గుళ్లు పేలేంతసేపు కొసను వెంట్రుక మందం లోపల నిలపాలి. కాబట్టి ఇక్కడ బలమున్న చెయ్యి కంటే అలసిపోని చెయ్యి ముఖ్యం.

చంకన బిందె

అంతర్జాతీయ నియమాలు 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా 5.5 కిలోల గరిష్ఠ బరువు పెట్టాయి. 50 మీటర్ల రైఫిల్‌లో మాత్రం చాలాకాలంగా పురుషులకు 8 కిలోలు, మహిళలకు 6.5 కిలోల పరిమితి నడిచింది. ఇవి గరిష్ఠాలు. అంత బరువు ఉండి తీరాలని ఎవరూ చెప్పలేదు. అయినా కొత్తగా వచ్చినవాళ్లు పేరున్న షూటర్ వాడే బరువునే కొలమానంగా తీసుకుంటారు.

5.5 కిలోల రైఫిల్ 80 కిలోల మనిషికి తన బరువులో దాదాపు ఏడు శాతం. 45 కిలోల అమ్మాయికి పన్నెండు శాతం పైనే. దాని గరిమనాభి ఒంటికి 30 సెంటీమీటర్లు ముందుందని అనుకుందాం. మనిషినీ తుపాకినీ ఒకే వస్తువుగా లెక్కిస్తే పెద్దాయన గరిమనాభి రెండు సెంటీమీటర్ల లోపే ముందుకు జరుగుతుంది. అమ్మాయిది 3.3 సెంటీమీటర్లు జరుగుతుంది. పడిపోకుండా ఉండాలంటే ఆమె నడుమును అంత ఎక్కువగా వెనక్కి వంచాలి.

ఈ భంగిమ మన ఊళ్లకు కొత్తది కాదు. నీళ్లబిందె చంకన పెట్టుకున్న ఆడమనిషిని చూడండి. బిందె నడుము ఎముక మీద కూర్చుంటుంది, ఒళ్లు అవతలికి ఒరుగుతుంది. చెయ్యి బిందెను మోయదు, జారకుండా కాస్తుంది అంతే. నిలబడి రైఫిల్ కాల్చే పద్ధతీ అదే. ఎడమ మోచెయ్యి నడుము ఎముకకు ఆనుతుంది, ముంజెయ్యి నిలువు గుంజ అవుతుంది, తుపాకి దాని మీద కూర్చుంటుంది. ఎముక అలసిపోదు. కండ అలసిపోతుంది, అలసిన కండ వణుకుతుంది. మన చేతుల్లో సహజంగానే సెకనుకు పదిసార్ల లెక్కన సన్నని వణుకు ఉంటుంది. అలుపు వస్తే అదే కంటికి కనిపించేంత పెద్దదవుతుంది.

బిందె కుదురుగా ఉండేది ఒంటిని అంటుకుని ఉన్నప్పుడే. అదే బిందెను చెయ్యి చాపి మోయమంటే? బ్యారెల్, అంటే తుపాకి గొట్టం, చేసేది అదే పని. మొత్తం తుపాకిలో ఒంటికి అన్నిటికంటే దూరంగా ఉన్న ఇనుము అది.

సన్నం చేయాలా, పొట్టి చేయాలా?

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకుందాం. 60 సెంటీమీటర్ల పొడవు, 22 మిల్లీమీటర్ల మందం, మధ్యలో 5.6 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఉక్కు గొట్టం తీసుకోండి. ఉక్కు ఒక ఘన సెంటీమీటరు 7.85 గ్రాములు. గొట్టం బరువు ఇంచుమించు 1.67 కిలోలు వస్తుంది. ఎడమ చెయ్యి గొట్టం మొదలుకు 10 సెంటీమీటర్లు ముందు పట్టుకుందనుకుంటే, గొట్టం గరిమనాభి చేతికి 20 సెంటీమీటర్ల అవతల ఉంటుంది. బరువును ఆ దూరంతో గుణిస్తే చేతిమీద పడే తిప్పుడు వస్తుంది. బడి పుస్తకంలో దీనినే బలభ్రామకం అన్నారు. ఇక్కడ అది 33.5 కిలో-సెంటీమీటర్లు.

దీనిని తగ్గించడానికి రెండు దారులు. మొదటిది సన్నం చేయడం. మందాన్ని 22 నుంచి 16 మిల్లీమీటర్లకు దించితే బరువు సగమై 830 గ్రాములు అవుతుంది. తిప్పుడు 16.6కు పడిపోతుంది. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ కడ్డీ వంగకుండా నిలిచే గుణం మందంతో పాటు నాలుగో ఘాతంలో మారుతుంది. మందంలో పావుకు పైగా తగ్గించినందుకు గొట్టం అదే బలానికి 3.6 రెట్లు ఎక్కువ వంగుతుంది. సగం బరువు దింపుకున్నందుకు చెల్లించిన మూల్యం అది.

రెండో దారి పొట్టి చేయడం. మందం 22 మిల్లీమీటర్లే ఉంచి, 60కి బదులు 45 సెంటీమీటర్ల గొట్టం తీసుకుందాం. బరువు 1.26 కిలోలు. సన్నగొట్టం కన్నా ఇది 400 గ్రాములకు పైగా ఎక్కువ. త్రాసు చూసి కొనేవాళ్లు దీన్ని పక్కన పెట్టేస్తారు. కానీ తిప్పుడు లెక్కవేయండి. గరిమనాభి చేతికి పన్నెండున్నర సెంటీమీటర్లకు వచ్చింది కాబట్టి 15.7 మాత్రమే. సన్నగొట్టం కన్నా తక్కువ! పైగా వంగే గుణం పొడవు ఘనంతో పెరుగుతుంది గనుక, పొడవు పావువంతు తగ్గేసరికి ఇది మొదటి గొట్టం కన్నా 2.4 రెట్లు గట్టిపడింది.

త్రాసు ఒక తీర్పు చెప్పింది, చెయ్యి ఇంకో తీర్పు చెప్పింది. చెయ్యే నిజం. సన్నపాటి షూటర్‌కు తేలిక బ్యారెల్ కావాలన్న మాట సగమే సరి. ఆమెకు కావలసింది బరువు దగ్గరగా ఉన్న బ్యారెల్.

పొట్టి చేస్తే గుండు వేగం పోదా అన్న అనుమానం సహజం. పెద్ద తూటాలకైతే పోతుంది. .22 తూటాలో మందు చిటికెడు. 40 నుంచి 48 సెంటీమీటర్ల గొట్టంలోనే దాని పని దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత గొట్టం ఎంత పొడవున్నా గుండుకు ఒరిగేది స్వల్పం. ఎయిర్ రైఫిల్ అయితే మరీ నయం. అర గ్రాము పైచిలుకు పెల్లెట్‌ను సెకనుకు 170 మీటర్ల చొప్పున తోయడానికి పొడవాటి గొట్టంతో పనిలేదు. పోటీ ఎయిర్ రైఫిళ్లు చాలావాటిలో పైకి కనిపించే పొడవంతా గొట్టం కాదు. ముందు భాగం ఉత్త అల్యూమినియం తొడుగు.

ఆ తొడుగు ఎందుకంటారా? పొట్టి గొట్టానికున్న అసలు నష్టం అక్కడ బయటపడుతుంది. ముందు సైట్ వెనక్కి వస్తుంది. సైట్ల మధ్య దూరం 75 సెంటీమీటర్లు ఉంటే, కంటికి తెలియని 0.1 మిల్లీమీటరు పొరపాటు 25 గజాల దగ్గర 3 మిల్లీమీటర్లు అవుతుంది. ఆ దూరం 60కి తగ్గితే 3.8 అవుతుంది. కాబట్టి ఉక్కును పొట్టిగా ఉంచి, ఉక్కులో మూడోవంతు సాంద్రత ఉన్న అల్యూమినియం గొట్టంతో సైట్‌ను ముందుకు పంపుతారు. బరువు వెనకే, చూపు ముందుకు. దోటికి వెదురు వాడి, కొసన మాత్రం ఇనుప కొక్కెం కట్టిన మన పెద్దల తెలివి ఇదే కోవలోది.

మరీ తేలికైతే

ఇంతవరకూ చదివినవాళ్లు "అయితే సన్నంగానూ, పొట్టిగానూ చేస్తే పోలా" అంటారు. అదీ చూద్దాం. 16 మిల్లీమీటర్లు, 45 సెంటీమీటర్లు. బరువు 620 గ్రాములు. తిప్పుడు 8 లోపే. చేతికి హాయి. కానీ గురి పాడవుతుంది.

కారణం జడత్వం. కదలని వస్తువు కదలనని మొండికేయడం మనకు ఇక్కడ స్నేహితుడు. ఈ మొండితనం దూరపు వర్గంతో పెరుగుతుంది. కొసన ఉన్న వంద గ్రాములు, చేతి దగ్గర ఉన్న కిలో కన్నా వణుకును బాగా అణుస్తాయి. తీగమీద నడిచే దొమ్మరి పిల్ల పొడవాటి గడ పట్టుకునేది అందుకే. మన లెక్కలోని మొదటి లావుపాటి పొడుగు గొట్టానికి చేతి చుట్టూ జడత్వ భ్రామకం 1,170 కిలో-చదరపు సెంటీమీటర్లు వస్తే, సన్నని పొట్టి గొట్టానికి 200 మాత్రమే. ఆరో వంతు. అలాంటి తుపాకి గుండె కొట్టుకున్నా ఎగురుతుంది, ట్రిగ్గర్ కాస్త గట్టిగా నొక్కినా పక్కకు పోతుంది. గాలి వీచే మైదానంలో ఇక చెప్పనక్కర్లేదు.

అంటే రెండు కోరికలు ఒకదానికొకటి ఎదురు. అలసట తగ్గాలంటే కొస తేలికగా ఉండాలి. వణుకు తగ్గాలంటే కొస బరువుగా ఉండాలి. అయితే ఒక వెసులుబాటు ఉంది. తిప్పుడు దూరంతో పెరుగుతుంది, జడత్వం దూరపు వర్గంతో పెరుగుతుంది. ఈ తేడాను వాడుకోవచ్చు. లావుపాటి పొట్టి గొట్టం కొసన, చేతికి 35 సెంటీమీటర్ల దూరంలో, వంద గ్రాముల ఉంగరం ఒకటి బిగిస్తే తిప్పుడు 3.5 మాత్రమే పెరుగుతుంది. జడత్వం మాత్రం 408 నుంచి 530కి, అంటే ముప్ఫై శాతం పెరుగుతుంది. పోటీ రైఫిళ్లకు బ్యారెల్ మీద ముందుకూ వెనక్కూ జరిపే చిన్న చిన్న బరువులు ఉండేది ఇందుకే. పదమూడేళ్ల పిల్ల ఉంగరం లేకుండా మొదలుపెట్టవచ్చు. ఒళ్లు గట్టిపడేకొద్దీ ఒక్కొక్కటి తగిలించుకోవచ్చు. తుపాకి కూడా పిల్లతో పాటు ఎదుగుతుంది.

వెనకకు తన్నడం, వేడెక్కడం అనే భయాలు ఇక్కడ చిన్నవి. తుపాకి బరువు సగమైతే తన్నుడు శక్తి రెట్టింపవుతుందన్నది నిజమే. కానీ .22 తూటా తన్నుడే అర జౌలు కూడా లేనిది, రెట్టింపైనా భుజానికి తెలియదు. సన్నగొట్టం త్వరగా వేడెక్కి గురి తప్పడం పెద్ద తూటాలతో గబగబా కాల్చేవాళ్ల బాధ. అయిదేసి గుళ్లు నిదానంగా కాల్చే క్యాడెట్‌కు అది లెక్కలోకి రాదు. గొట్టం పొడవునా గాళ్లు తీసి బరువు తగ్గించడం, సన్న ఉక్కుకు కార్బన్ నార చుట్టడం లాంటి పద్ధతులు కూడా ఉన్నాయి. మందం అలాగే ఉండి ఉక్కు తగ్గుతుంది గనుక అవి వంగుడును బాగానే కాస్తాయి. ఖరీదు మాత్రం బరువెక్కుతుంది.

ముందు బట్, తర్వాత బ్యారెల్

బ్యారెల్ గురించి ఇంత చెప్పి, ముందు బ్యారెల్ జోలికి పోవద్దంటే నవ్వుతారేమో. కానీ చిన్న ఒళ్లున్నవాళ్లకు మొదట సరిచేయాల్సింది భుజానికి ఆనే బట్ పొడవు. అది మూడు సెంటీమీటర్లు ఎక్కువైతే తుపాకి మొత్తం మూడు సెంటీమీటర్లు ఒంటికి దూరం జరుగుతుంది. నాలుగు కిలోల రైఫిల్‌కు ఆ ఒక్క తేడాతో 12 కిలో-సెంటీమీటర్ల తిప్పుడు అదనం. మెడ చాచాల్సి వస్తుంది, చెంప సరిగా ఆనదు, సైట్ కంటికి దూరమవుతుంది. బట్ సరైన కొలతలో ఉందో లేదో చూసుకోకుండా బ్యారెల్ బరువు మీద నింద వేయడం, జోడు బిగుతుగా ఉంటే కాలు కడిగినట్టే.

బట్ కుదిరాక పరీక్ష సులువు. శిక్షకుడి ఎదుట తుపాకి ఖాళీగా ఉందని ఇద్దరూ చూసుకోవాలి, కొస లక్ష్యం వైపే ఉండాలి. తుపాకిని ఒక సన్నని అంచుమీద ఆనించి అది ఎక్కడ సమంగా తూగుతుందో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు ఎడమ చేతికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. తర్వాత నిలబడి గురిపెట్టి, గుండు లేకుండా నిమిషం పాటు పట్టుకోండి. సైట్ నెమ్మదిగా కిందికి జారుతుంటే కొస బరువెక్కువ. జారకుండా, చిన్న చిన్నగా గిలగిలలాడుతుంటే కొస మరీ తేలిక. రెండూ వణుకులే గానీ రెండింటికీ మందు ఒకటి కాదు. చివరగా కళ్లు మూసుకుని, రెండు ఊపిర్లు తీసి, తెరవండి. గురి పక్కకు పోయి ఉంటే కండ తుపాకిని లాగి పట్టుకుంటోందని అర్థం. పాదాలు జరపాలి, చేతులు కాదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. పొట్టి గొట్టం మేలని ఇక్కడ రాసింది ఎంచుకునేవాళ్ల కోసం, కోసుకునేవాళ్ల కోసం కాదు. 1959 ఆయుధాల చట్టం ఆరో సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి గొట్టాన్ని పొట్టి చేయడం నేరం. కోసిన చోట రంధ్రం అంచు వెంట్రుకంత వంకర పోయినా గుండు దారి తప్పుతుంది కూడా. ఇంటి దగ్గర సాధనకు 4.5 మిల్లీమీటర్ల రంధ్రం, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అవసరం లేదు. పోటీ ఎయిర్ రైఫిళ్ల శక్తి ఆ హద్దులో సగం కూడా ఉండదు. జాగ్రత్త మాత్రం పెద్ద తుపాకికి ఎంతో దానికీ అంతే.

ప్యాపిలి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఒకవైపు హైదరాబాదు, ఇంకోవైపు బెంగళూరు చేరుతుంది. బట్ జరిగే, బరువులు మారే రైఫిళ్లున్న రేంజిలు ఆ నగరాల్లో ఉన్నాయి. కానీ ఎన్‌సీసీ మైదానంలో వరుసలో నిలబడ్డ అమ్మాయికి ఆ ఎంపిక లేదు. వంతులో ఏ తుపాకి వస్తే అదే. పాత మార్క్ 4 వస్తే 3.9 కిలోలే.

అప్పుడు కూడా ఆమె చేతిలో ఒకటుంది. అక్షరాలా చేతిలోనే. నేలమీద పడుకుని, మోచెయ్యి మట్టికి ఆనించి కాల్చేటప్పుడు ఎడమ అరచేతిని అయిదు సెంటీమీటర్లు ముందుకు జరిపితే చాలు. నాలుగు కిలోలకు అయిదు సెంటీమీటర్లు, అంటే చేతి ముందు వేలాడే తిప్పుడులో ఇరవై కిలో-సెంటీమీటర్లు పోతాయి. లావు గొట్టం తీసి సన్నగొట్టం బిగిస్తే మిగిలింది పదిహేడే కదా. దోటి బరువనిపించినప్పుడు పిల్లలెవరూ కొత్త దోటి అడగరు. చెయ్యి కొంచెం పైకి జరిపి పట్టుకుంటారు.